ఒక్క మేకపిల్లను తెచ్చుకోకండి, తెస్తే రెండు తెచ్చుకోండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. డల్లాస్‌కు ఉత్తరాన ఎకరంన్నర స్థలంలో కొత్త ఇల్లు, పదేళ్ళ బాబు, ఏడేళ్ళ పాప. పాప పుట్టినరోజుకు ఇంటర్నెట్‌లో చూసిన "టీకప్ మేకపిల్ల"ను, ఇంకా సీసాపాలు తాగేదాన్ని, ఒకటి కొనాలనుకుంటున్నారు. కుక్కలాగా ఇంట్లో తిరుగుతుందా, పెద్దయ్యాక పాలిస్తుందా, దాన్ని పెట్టుకుని వేసవిలో ఇండియా వెళ్ళగలమా అని అడిగారు.

మాది కనిగిరి వైపు పల్లె. మా తాత మేకలు కాసేవాడు. నా చిన్నతనమంతా మేకల దొడ్డి పక్కనే గడిచింది. ఇప్పుడు ఆస్టిన్‌కు కాస్త దూరంగా మూడెకరాల్లో పదకొండేళ్ళుగా నైజీరియన్ డ్వార్ఫ్ మేకలు పెంచుతున్నాను. నా పిల్లలు వాటితోపాటే పెరిగారు. కాబట్టి వద్దని చెప్పను, తెచ్చుకోండి. అయితే ఒక్కదాన్ని వద్దు, సీసాపాల పిల్ల వద్దు, టీకప్ అని పేరు పెట్టి అమ్మేవాళ్ళ దగ్గర అసలే వద్దు.

టీకప్ అనే మేకజాతి లేదండీ. అది అమ్మేవాళ్ళు పెట్టుకున్న పేరు. ఫొటోలో అరచేతిలో కూర్చున్నది పుట్టి రెండు రోజులైన పిల్ల అయి ఉంటుంది, లేదా ఈతలో బలహీనంగా పుట్టిన పిల్ల. నిజంగా ఉన్న పొట్టి జాతులు ఇక్కడ ముఖ్యంగా రెండు. నైజీరియన్ డ్వార్ఫ్ పాలజాతి. అమెరికన్ డైరీ గోట్ అసోసియేషన్ 2005లో దాన్ని గుర్తించింది. పెంటి మేక భుజం ఎత్తు ఇరవై రెండున్నర అంగుళాలు, పోతుది ఇరవై మూడున్నర అంగుళాలు దాటకూడదని వాళ్ళ కొలత. రెండోది పిగ్మీ. దాని మూలం కామెరూన్ వైపు. ఒళ్ళు పీపాలా గుండ్రంగా, కాళ్ళు కురచగా ఉంటుంది. రెండూ పెద్దయ్యాక అరవై డెబ్భై పౌండ్లు తూగుతాయి. అంటే మీ పాప కన్నా బరువు. పన్నెండు, పదిహేనేళ్ళు బతుకుతాయి. మీ పాప కాలేజీకి వెళ్ళేనాటికి కూడా ఆ మేకలు మీ దొడ్లోనే ఉంటాయి. ఈ లెక్క ముందే మనసులో పెట్టుకోండి.

ఒక్కటి ఎందుకు వద్దంటున్నానంటే, ఒంటరి మేక బతుకు నరకం. మా ఊళ్ళో మందలోంచి ఒక మేక తప్పిపోతే చీకటి పడేలోగా దాని అరుపును బట్టే వెతికి పట్టుకునేవాళ్ళు. ఆ అరుపు మీ పెరట్లో రోజూ వినిపిస్తుంది, మీ పొరుగువాళ్ళకూ వినిపిస్తుంది. పిల్లలు బడి నుంచి వచ్చాక రెండు గంటలు ఆడతారు సరే, మిగతా ఇరవై రెండు గంటల సంగతేమిటి? నెమరు వేసేటప్పుడు ఆనుకుని పడుకోవడానికి దానికి ఇంకో మేకే కావాలి. కుక్క ఆ పని చేయలేదు, మనిషీ చేయలేడు.

ఇక ఏవి కొనాలి. పిల్లలున్న ఇంటికి నేను చెప్పేది ఎప్పుడూ ఒకటే: విత్తు కొట్టించిన మగవి రెండు, వీలైతే ఒకే ఈతలో పుట్టిన అన్నదమ్ములు. ఇక్కడివాళ్ళు వాటిని వెదర్లు అంటారు. వాటికి ఎద ఉండదు, పోతు కంపు ఉండదు, ధర కూడా పెంటి కన్నా తక్కువ. పెంటి మేకలు దాదాపు మూడు వారాలకోసారి ఎదకొచ్చి అరుస్తాయి. విత్తున్న పోతును మాత్రం ఇంటికి తేవద్దు. ఎదకాలంలో తన ఉచ్చ తన గడ్డం మీదే పోసుకుంటుంది. దాన్ని ముట్టుకున్న పిల్లల బట్టలకు పట్టిన కంపు రెండు ఉతుకులకీ పోదు.

సీసాపాల పిల్ల గురించి కూడా చెప్పాలి. తల్లి దగ్గర ఎనిమిది వారాలు తాగి, మందలో పెద్దవాటి చేత రెండు పొడుపులు తిని పెరిగిన పిల్లకు తన హద్దు తెలుస్తుంది. మనుషుల ఒళ్ళోనే పెరిగిన మగపిల్ల మనిషిని సాటి మేక అనుకుంటుంది. చిన్నప్పుడు పిల్లలు దాని నుదుటికి చెయ్యి ఆనించి నెడితే అది ఎదురు నెడుతుంది, అందరూ నవ్వుతారు. ఏడాది తర్వాత అదే నుదురు అరవై పౌండ్ల బరువుతో మీ పాప వీపును గుద్దుతుంది. అది చేసేది తప్పు కాదు, మనం నేర్పిన ఆటే. అందుకే మా ఇంట్లో మొదటి రోజు నుంచీ ఒక నియమం ఉంది: మేక నుదుటి మీద ఎవరూ చెయ్యి పెట్టకూడదు. మెడ కింద, ఛాతీ మీద గోకండి. అక్కడ గోకితే అవి కళ్ళు మూసుకుని నిలబడిపోతాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ సమాధానంలో ఇంకేదీ గుర్తు లేకపోయినా ఇది గుర్తుంచుకోండి.

మేం మొదట తెచ్చినవి ఇద్దరు అన్నదమ్ములు. గోధుమరంగు దానికి బెల్లం అనీ, నల్లదానికి మిరియం అనీ మా పిల్లలు పేర్లు పెట్టారు. పిల్లలు ప్రేమకొద్దీ రోజూ పొద్దునా సాయంత్రం చెరో గ్లాసు దాణా పెట్టేవాళ్ళు. నేనూ వద్దనలేదు. మా తాత మేకలకు దాణా అన్నదే ఉండేది కాదు. తుమ్మకాయలు, వేపాకు, సుబాబుల్ కొమ్మలు, కోసిన చేలో మిగిలిన మోళ్ళు, అంతే. ఇక్కడ సంచీ మీద మేక బొమ్మ వేసి అమ్ముతుంటే అది మేకకు మంచిదే అనుకున్నాను. రెండో ఏడాది ఒక సాయంత్రం బెల్లం వెనక్కాళ్ళు చాచి నిలబడి ముక్కుతూ కనిపించాడు. తోక అదే పనిగా ఆడించాడు, అప్పుడప్పుడు సన్నగా మూలిగాడు. మలబద్ధకం అనుకున్నాం. ఆముదం తాగించి పొద్దున చూద్దామని పడుకున్నాం. తెల్లారేసరికి పొట్ట కింద నీరు దిగి ఉంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేసరికి మూత్రాశయం పగిలిపోయింది. బెల్లం ఇక ఇంటికి రాలేదు.

జరిగింది ఇదీ. మగమేక మూత్రనాళం పొడవుగా, సన్నగా, వంపులు తిరిగి ఉంటుంది. దాణాలో ఫాస్ఫరస్ ఎక్కువ, క్యాల్షియం తక్కువ. ఆ రెండింటి పాళ్ళు తప్పితే మూత్రంలో ఇసుకలాంటి రాళ్ళు కట్టి నాళంలో అడ్డుపడతాయి. మొత్తం మేతలో రెండు పాళ్ళ క్యాల్షియానికి ఒక పాలు ఫాస్ఫరస్ ఉండాలంటారు. మంచి ఎండుగడ్డి, ఆకులు, కొమ్మలు తినే వెదరుకు దాణా అక్కర్లేదు. మిరియానికి ఆ రోజు నుంచి దాణా గింజ ముట్టనివ్వలేదు. ఇప్పుడు వాడికి పదకొండేళ్ళు. గట్టిగా ఉన్నాడు.

అందుకని మగమేక ముక్కుతూ కనిపిస్తే అది మలబద్ధకం అని ఎప్పుడూ అనుకోకండి. ముందు ఉచ్చ పోస్తోందా లేదా చూడండి. ధార రాకుండా చుక్కలు చుక్కలుగా పడుతుంటే, అసలు రాకపోతే, అర్ధరాత్రైనా సరే డాక్టరుకు ఫోన్ చేయాలి. మొదటి గంటల్లో అయితే నాళం చివర ఉండే సన్నని మొనను కత్తిరించి కొన్నిసార్లు కాపాడగలరు. తెల్లారేదాకా ఆగితే చాలాసార్లు ఏమీ చేయలేరు. విత్తు కొట్టించడం కూడా మరీ తొందరగా కాకుండా, మూత్రనాళం కొంత ఎదిగాక మూడు నెలల వయసు దాటనిచ్చి చేయించమని చాలామంది డాక్టర్లు చెబుతారు. కాకపోతే మగపిల్లలు ఏడెనిమిది వారాలకే చూలు చేయగలవు. అందాకా వాటిని పెంటిపిల్లల్లో కలిపి ఉంచకూడదు. కొనేటప్పుడు ఎప్పుడు విత్తు కొట్టించారో అడగండి.

మన ఇళ్ళల్లో ఇంకో ప్రమాదం ఉంది. దానికీ మూలం ప్రేమే. పండక్కి ముప్ఫై మంది వస్తారు. మిగిలిన పులిహోర, పూరీలు, ఇడ్లీ పిండి చూసి ఎవరో ఒకరు "పాపం మేకలకు పెడదాం" అంటారు. ఊళ్ళో కుడితిలో ఇంత అన్నం కలిపి గేదెకు పెట్టిన అలవాటు మనది, అందులో చెడు ఉద్దేశం ఏమీ లేదు. కానీ గడ్డికి అలవాటు పడిన మేక పొట్టలోకి ఒక్కసారిగా అంత అన్నమో, గింజలో, రొట్టో పడితే లోపల పులిసి ఆమ్లం తయారవుతుంది. ఎడమ డొక్క ఉబ్బుతుంది, నెమరు ఆగుతుంది, మేక కూలబడుతుంది. ఒక గృహప్రవేశం నాడు మా మిరియం కూడా ఇలాగే అన్నం తిని రెండు రోజులు లేవలేదు. అప్పటి నుంచి గేటు మీద తెలుగులో, ఇంగ్లిషులో బోర్డు రాసి పెట్టాం. చుట్టాలకు చెప్పడానికి మొహమాటపడకండి. పిల్లలు మేకలకు ఏదైనా ఇవ్వాలని సరదా పడితే మందార ఆకులు, తుంచిన మల్బరీ కొమ్మ, అరటితొక్క ఇవ్వమనండి. అవి దాణా కన్నా ఇష్టంగా తింటాయి.

రోజువారీ మేత అంటే ఎండుగడ్డి. ఒక్కోదానికి రోజుకు సుమారు రెండు పౌండ్లు పడుతుంది. టెక్సస్‌లో ఎక్కువగా దొరికేది బెర్ముడా గడ్డి. అది వేరే దేనితోనో కాదు, మన గరికతో సాగుచేసిందే, వినాయకుడికి పెట్టే గరిక. లూసర్న్, అంటే ఇక్కడి ఆల్ఫాల్ఫా, చూలు మేకలకూ పాలిచ్చేవాటికీ మంచిది. వెదర్లకు అదే పనిగా పెట్టనక్కర్లేదు. గడ్డిని నేలమీద వేయకండి. తొక్కినదాన్ని, పెంటికలు పడినదాన్ని మేక ముట్టదు, ఎంత ఆకలేసినా సరే. గోడకు బుట్టలా కట్టి అందులో పెట్టండి. ఖనిజలవణాల పొడి మేకలకని చేసిందే కొనండి. గొర్రెలకూ మేకలకూ కలిపి అమ్మేదాంట్లో రాగి ఉండదు. గొర్రెకు రాగి విషం, మేకకు అవసరం. మేక వెంట్రుకలు రంగు వెలిసి, తోక చివర వెంట్రుకలు రాలి రెండుగా చీలినట్టు కనిపిస్తే రాగి తక్కువైందేమో చూపించండి.

ఈ వెచ్చటి, తేమ ప్రాంతంలో మేకల్ని ఎక్కువగా తీసుకుపోయేది నట్టలు. అందులోనూ రక్తం తాగే ఒక సన్నపురుగు ఉంది. ఇక్కడ దాన్ని బార్బర్ పోల్ వార్మ్ అంటారు. మేక ఒళ్ళు బాగానే కనిపిస్తుంది, విరేచనాలు కూడా ఉండవు, ఒకరోజు దవడ కింద సంచిలా నీరు దిగి పడిపోతుంది. మన ఊళ్ళలో వానలకు ముందు మంద మొత్తానికీ నట్టల మందు తాగిస్తారు. ఇక్కడ అలా చేయకండి. అన్నిటికీ మాటిమాటికీ తాగించి తాగించి మందుకు లొంగని పురుగులు తయారయ్యాయి. దానికి బదులు దక్షిణాఫ్రికాలో కనిపెట్టిన ఫమాచా అనే పద్ధతి ఉంది. కింది కనురెప్పను మెల్లగా వంచి లోపలి పొర రంగు చూసి, కార్డు మీది ఐదు రంగులతో పోల్చాలి. ఎర్రగా ఉంటే మందు అక్కర్లేదు, తెల్లబడితే వెంటనే కావాలి. వానలు పడి వెచ్చగా ఉన్న నెలల్లో రెండు వారాలకోసారి చూడండి. మీ బాబు పదేళ్ళవాడు కదా, ఈ పని వాడికి నేర్పవచ్చు. మా అబ్బాయి తొమ్మిదేళ్ళకే నేర్చుకుని, నేను గమనించకముందే ఒక మేకను పట్టించాడు. మీ కౌంటీలో టెక్సస్ ఏ అండ్ ఎం అగ్రిలైఫ్ ఎక్స్‌టెన్షన్ అనే వ్యవసాయ సలహా ఆఫీసు ఉంటుంది, అక్కడ అడిగితే దారి చెబుతారు. బాబును 4-హెచ్ అనే పిల్లల క్లబ్బులో చేర్పించండి, అక్కడి పిల్లలు మేకల పని చేస్తూ నేర్చుకుంటారు.

టీకాల్లో తప్పనిసరిది సీడీ అండ్ టీ. అది మన దగ్గర చిటుక రోగం అనేదానికీ ధనుర్వాతానికీ కలిపి వేసేది. పిల్లకు మూడు నాలుగు వారాల ఎడంతో రెండుసార్లు, తర్వాత ఏడాదికోసారి. కొనేముందు ఆ మందకు సీఏఈ, జోన్స్, సీఎల్ అనే మూడు జబ్బుల రక్తపరీక్ష చేయించారా అని అడగండి, కాగితం చూపించమనండి. మాట వరసకు "మా మేకలన్నీ ఆరోగ్యమే" అంటే ఒప్పుకోవద్దు. ఆ జబ్బులు ఏళ్ళ తరబడి బయటపడవు, వాటిలో జోన్స్, సీఎల్ మీ నేలకు ఒకసారి పడితే తేలిగ్గా వదలవు. అలాగే ఏ కొనుగోలుకైనా ముందు మేకలు చూసే డాక్టరును వెతికి పెట్టుకోండి. కుక్కల డాక్టర్లలో చాలామంది మేకను చూడరు. గిట్టలు ఆరేడు వారాలకోసారి కత్తిరించాలి. అది మీరే నేర్చుకుంటారు, కష్టం కాదు.

కంచె గురించి పొడుగ్గా రాయను, ఒక్కటే చెబుతాను: కంచె పూర్తయ్యాకే మేకలు. కనీసం నాలుగడుగుల ఎత్తు, తల దూరనంత సన్నని గళ్ళ అల్లిక. పెద్ద గళ్ళ కంచెలో కొమ్ములున్న మేక తల దూర్చి వెనక్కి తీయలేక ఎండలోనే నిలబడిపోతుంది. కంచె మేకలు బయటికి పోకుండా ఎంతో, కుక్కలూ, కొయోటీలనే తోడేలుజాతి జంతువులూ లోపలికి రాకుండా కూడా అంతే. రాత్రిపూట తలుపు వేసే కొట్టం ఉండాలి, ఒక్కోదానికి పదిహేను చదరపు అడుగుల పొడినేల చాలు. 2021 ఫిబ్రవరి మంచుతుఫానులో మాకు కరెంటు పోయి, బకెట్లలో నీళ్ళు రాయిలా గడ్డకట్టాయి. గ్యాస్ పొయ్యి మీద కాచిన వేడినీళ్ళు మూడు గంటలకోసారి మోసుకెళ్ళి పోశాం. చలిలో నీళ్ళు తాగని మగమేకకు ముందు చెప్పిన రాళ్ళ బెడద ఇంకా పెరుగుతుంది.

మీ పెరట్లో అందం కోసం నాటిన మొక్కలు ఒకసారి చూసుకోండి. గన్నేరు ఉంటే వేళ్ళతో సహా తీసేయండి, కొన్ని ఆకులు చాలు మేక ప్రాణానికి. అజేలియా కూడా అంతే. ఇక మీ కంచె వెంబడి జాన్సన్ గడ్డి అని మొలుస్తుంది, అది జొన్నకు చుట్టం. లేత జొన్న చేలో పశువు పడితే ఏమవుతుందో మన పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. దీనిదీ అదే విషం. కరువులో వాడి మళ్ళీ చిగురించినప్పుడు, మంచు పడి కమిలినప్పుడు మరీ ప్రమాదం.

పాల సంగతి. వెదర్లు కొంటే పాలు ఉండవు. పాలు కావాలంటే పెంటి మేక ఈనాలి, అంటే ఐదు నెలల చూలు, కవలలో ముగ్గురో పిల్లలు, వాటిలో సగం మగవి. ఆ మగపిల్లల్ని ఏం చేస్తారో ముందే తేల్చుకోవాలి. వాటిని కొంటామని మీకు వచ్చే ఫోన్లలో చాలా వరకు మాంసం కోసమే వస్తాయి, మనవాళ్ళ నుంచి కూడా. పాప పేరు పెట్టి పెంచిన పిల్లను అలా పంపగలరా? మేం పంపలేకపోయాం. అందుకే మూడు ఈతల తర్వాత మానేశాం. నైజీరియన్ డ్వార్ఫ్ పాలు మాత్రం నిజంగా చిక్కనివి, వెన్న ఆరు శాతం దాకా ఉంటుంది, తోడు పెడితే గడ్డపెరుగు అవుతుంది. ఎప్పుడైనా పాలు పితికితే మన పద్ధతిలో పొంగు వచ్చేదాకా కాచే తాగండి. ఇంట్లో ఎవరైనా గర్భంతో ఉంటే మేక ఈనే చోటికి పోకూడదు, దాని మాయను ముట్టకూడదు.

ఇంట్లో కుక్కలా తిరుగుతుందా అన్నారు. మేకకు పెంటికలు ఆపుకునే అలవాటు నేర్పలేం. సోఫా, బల్ల, వంటగట్టు, ఏది ఎత్తుగా ఉంటే అది ఎక్కుతుంది, వైర్లు కొరుకుతుంది. దాని సంతోషం బయటే ఉంది. దొడ్లో రెండు పెద్ద రాళ్ళు, కరెంటు తీగ చుట్టే చెక్క చక్రం ఒకటి పడేయండి. సాయంత్రం పూట వాటి మీద అవి ఎగిరే ఎగుళ్ళు చూస్తూ మీ పిల్లలు టీవీ ఊసెత్తరు.

చివరిగా ఇండియా ప్రయాణం. ఆరు వారాలు వెళితే రోజుకు రెండుసార్లు వచ్చి చూసే మనిషి కావాలి, ఆ మనిషికి ఉచ్చ సంగతి, కనురెప్ప సంగతి తెలిసి ఉండాలి. పక్కింటి హైస్కూలు పిల్లాడికి డబ్బిచ్చి నీళ్ళు పోయించడం చాలదు. మేం మేకలున్న ఇంకో తెలుగు కుటుంబంతో వంతులు వేసుకున్నాం, ఒక వేసవి వాళ్ళు, ఒక వేసవి మేము. ఇంకో మాట, చాలామంది మర్చిపోయేది: మన దేశంలో పశువులకు వచ్చే గాలికుంటు రోగం ఉంది, అమెరికాలో 1929 తర్వాత లేదు. ఊళ్ళో పిల్లలు గేదెల దగ్గరా మేకల దగ్గరా తిరుగుతారు, తిరగనివ్వండి. కానీ ఆ చెప్పులు అక్కడే వదిలేయండి లేదా బాగా కడిగి తెచ్చుకోండి, బట్టలు ఉతకండి. విమానాశ్రయంలో పశువుల దగ్గరికి వెళ్ళారా అని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. ఇంటికొచ్చాక ఐదు రోజులు మీ మేకల దగ్గరికి పోకండి, అన్నాళ్ళూ చూసే మనిషినే కొనసాగనివ్వండి.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు మీ హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) కాగితాలు, ఊరి నిబంధనలు చదవండి. ఎకరంన్నర ఉన్నా కొన్ని కాలనీల్లో మేకల్ని ఒప్పుకోరు. పాప పుట్టినరోజుకు కంచె పని పూర్తి కాకపోతే, ఆ రోజు పరీక్షలు చేయించిన ఒక మంచి మందకు పాపను తీసుకెళ్ళి, రెండు పిల్లల్ని తననే ఎంచుకోమనండి. ఇంకా పాలు మరవకపోతే అవి తల్లి దగ్గరే ఉంటాయి, ఆలోగా మీరు కంచె వేసుకోవచ్చు. కంచె, గేటు ఫొటోలు ఇక్కడ పెట్టండి. గొళ్ళెం మేక మూతికి అందే ఎత్తులో ఉందో లేదో చూసి చెబుతాను, అందితే అవి రెండో రోజుకే తీయడం నేర్చుకుంటాయి.